చిన్న రైలుకు నిండైన ఫొటో



నవరాత్రులు ముగిసి, కొలువు బొమ్మలన్నీ పాత చీర పేలికల్లో చుట్టుకుని అట్టపెట్టెల్లోకి చేరిన వారంలోపే మన సంఘ సభ్యులు ముగ్గురు వేరువేరుగా నన్ను ఒకే ప్రశ్న అడిగారు. ముగ్గురూ ఈసారి కొలువు మెట్ల పక్కన చిన్న ఊరు కట్టి, పట్టాలు పరిచి, రైలు నడిపినవారే. చూడవచ్చిన పిల్లలు అక్కడినుంచి కదలనే లేదట. తీరా ఫొటోలు తీసి హైదరాబాదులో ఉన్న అన్నగారికీ, అమెరికాలో ఉన్న అమ్మాయికీ పంపితే, అందులో రైలు కనబడలేదు, ప్లాస్టిక్ బొమ్మ కనబడింది. "ఏ కెమెరా కొనమంటారు? కంప్యూటర్లో ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోమంటారు?" అని వారి ప్రశ్న.

బ్యాంకులో అప్పు అడగడానికి వచ్చినవారిని మేము మొదట అడిగేది "ఎంత కావాలి?" అని కాదు, "దేనికి?" అని. ఇక్కడా అంతే. బొమ్మ రైలు ఫొటో బాగుండాలంటే చూసుకోవలసినవి నాలుగు: కెమెరా ఎత్తు, వెలుతురు, కెమెరా, సాఫ్ట్‌వేర్. ప్రాధాన్యం కూడా ఈ వరుసలోనే. మొదటి రెండింటికీ పెద్దగా డబ్బు పట్టదు. అందుకే కాబోలు దుకాణాల్లో వాటి ఊసెత్తరు!

అగ్గిపుల్ల చెప్పే కొలత

మా చిన్నప్పుడు పుదూరు పిల్లలకు రైలు చూడాలంటే కోవిల్‌పట్టికో విరుదునగరానికో బస్సెక్కవలసిందే. మదురై నుంచి తూత్తుకుడికి 1876లో పడిన ఆ దారి మొదట మీటర్ గేజి. 1914లో పాంబన్ వంతెన వచ్చేదాకా కొలంబో వెళ్ళే ఓడ ప్రయాణికులు ఈ దారినే తూత్తుకుడి రేవుకు చేరేవారు. 1990ల తొలి ఏళ్ళలో దీనిని బ్రాడ్‌గేజిగా మార్చారు. ఆ మార్పుతోపాటు పాత మీటర్ గేజి స్టేషన్ల రూపురేఖలు చాలావరకు పోయాయి.

మా మేనత్త భర్త రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. మామయ్య రిటైరైన తరువాత ఎనిమిది అడుగుల పలక మీద ఒక మీటర్ గేజి స్టేషన్ కట్టారు. కట్టింది దేనితో అనుకున్నారు? మన కోవిల్‌పట్టి, సాత్తూరు ప్రాంతంలో కొరతలేని సరుకుతోనే: అగ్గిపుల్లలు, అగ్గిపెట్టె అట్టలు. ఒకటికి ఎనభై ఏడు వంతుల హెచ్.ఓ. స్కేలు ఒకటి ప్రపంచమంతా వాడుకలో ఉందని ఆయనకు తెలియదు. ఆయన లెక్క ఆయనదే. మీటర్ గేజి కొయ్య స్లీపరు పొడవు 1800 మిల్లీమీటర్లు. అగ్గిపుల్ల రమారమి 40 మిల్లీమీటర్లు. దానిని సగానికి విరిస్తే 20. అంటే తొంభైకి ఒకటి. ఆ లెక్కన స్లీపరు వెడల్పు కూడా పుల్ల మందానికి దాదాపు సరిపోయింది. ఇక ప్లాట్‌ఫారం, నీళ్ళ ట్యాంకు, సిగ్నలు స్తంభం అన్నీ ఆ తొంభయ్యో వంతులోనే దిగాయి.

ఆయన పోయాక, 2019లో ఆ ఇల్లు అమ్మవలసి వచ్చింది. పలక అడుగున చెదలు పట్టింది. కొడుకులిద్దరూ ఉండేది చిన్న చిన్న ఫ్లాట్లలో, ఎనిమిది అడుగుల పలకకు అక్కడ చోటెక్కడిది? ఫొటోలు తీసుకుని విప్పేద్దామని అందరూ అనుకున్నారు. మనవలు ముందు నిలబడి పైనుంచి ఫ్లాష్ వేసి ముప్పై ఫొటోలు తీశారు. అత్త కళ్ళద్దాలు పెట్టుకుని అన్నీ చూసి, "ఇది బొమ్మరా నాయనా. మీ మామ కట్టింది స్టేషను" అంది.

ఆ మాటలోనే అసలు సూత్రం ఉంది. స్టేషన్‌లో నిలబడిన మనిషి కంటి ఎత్తు రమారమి 160 సెంటీమీటర్లు. దానిని తొంభైతో భాగించండి. రెండు సెంటీమీటర్లు కూడా రాదు. కెమెరా కన్ను ఆ పలక మీద అంత ఎత్తులో ఉంటేనే చూసేవారు ప్లాట్‌ఫారం మీద నిలబడినట్టు ఉంటుంది. మనం నిలబడి పైనుంచి తీస్తే ఏమవుతుంది? నాలుగడుగుల ఎత్తునుంచి చూడడమంటే అసలు స్టేషన్‌ను నూరు మీటర్లపైన ఎగిరే విమానంలోంచి చూసినట్టు. విమానంలోంచి చూస్తే నిజం రైలు కూడా బొమ్మలాగే ఉంటుంది కదా!

మరునాడు నేను మా అమ్మాయి సెల్‌ఫోనును తలకిందులుగా పలక మీద నిలబెట్టి తీశాను. ఫోను కెమెరా పై అంచుకు దగ్గరగా ఉంటుంది కనుక, తిరగేసి పెడితే కన్ను ప్లాట్‌ఫారానికి వేలెడు ఎత్తులోకి వచ్చేస్తుంది. పెద్ద కెమెరాతో ఇది సాధ్యం కాదు. దాని లెన్సు చుట్టుకొలతే అడ్డం వస్తుంది. వచ్చిన ఫొటో అత్త చేతికిచ్చాను. ఆమె చాలాసేపు చూసి, "ఆ మూడో స్తంభం దగ్గరే నిలబడేవారు మీ మామ, పచ్చజెండా పట్టుకుని" అంది. నాలుగో రోజున ఇల్లు అప్పగించాము. ఇప్పుడు ఆ స్టేషన్ ఉన్నది ఆ ఫొటోల్లోనే.

కనుక పాఠకులు గమనించండి. ఇది కేవలం కాలక్షేపం సంగతి కాదు. ఇంట్లో పెద్దలు చేసిన అట్ట బొమ్మలు, కొయ్య బళ్ళు, కొలువు ఊళ్ళు మన తరంతోనే పోయేవి. వాటికి మిగిలే సాక్ష్యం ఫొటో ఒక్కటే.

వెలుతురు

ఎండకు సూర్యుడు ఒక్కడే, నీడ ఒక్కటే. మన గదిలో నాలుగు దీపాలుంటే బోగీకి నాలుగు నీడలు పడతాయి. కన్ను వెంటనే పసిగడుతుంది. అందుచేత వీలైతే పలకను మేడమీదకు చేర్చి ఉదయం ఏడు, ఎనిమిది గంటల ఎండలో తీయండి. మన కరిసల్ సీమలో ఎండకేం కరువు! వీలుకాకపోతే ఒకే దీపం ఒక పక్క ఎత్తున పెట్టి, రెండో పక్క తెల్ల అట్ట నిలబెట్టి నీడను కొంచెం తేలిక చేయండి. ఫ్లాష్ మాత్రం వద్దు.

గదిలో ట్యూబులైటు, పసుపు బల్బు కలిపి వెలిగించకండి. రెండు రంగుల వెలుతురును ఏ సాఫ్ట్‌వేరూ సులువుగా విడదీయలేదు. ఇంకొక సంగతి. మన కరెంటు 50 హెర్ట్‌జ్. చాలా దీపాలు దానితోపాటు సెకనుకు నూరుసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఫొటోలో అడ్డచారలు వస్తుంటే షట్టర్ వేగాన్ని సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో మార్చి చూడండి.

వెనక తెరగా ముడతలు లేని లేత నీలం గుడ్డ చాలు. దానిని రైలుకు కనీసం రెండడుగుల దూరంలో కట్టండి, నీడ దానిమీద పడకూడదు.

కెమెరా

మా రోజుల్లో ఇంటికొక ఆగ్ఫా క్లిక్ 3 ఉంటే గొప్ప. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారు తయారుచేసిన ఇందు ఫిల్ము వేస్తే పన్నెండు ఫొటోలు. దగ్గరి వస్తువు మసకగా వచ్చేది. ఇప్పుడు ఫిల్ము ఖర్చు లేదు గాని, దగ్గరి వస్తువు చిక్కు మాత్రం ఇంకా తీరలేదు.

ఆ చిక్కేమిటో చెబుతాను. దగ్గరనుంచి తీసినప్పుడు కొద్దిపాటి లోతే స్పష్టంగా వస్తుంది, ముందూ వెనకా మసకబారుతుంది. నిజం రైలుకు ముప్పై మీటర్ల దూరాన నిలబడడం హెచ్.ఓ. స్కేలులో 34 సెంటీమీటర్లు. ఐ.సి.ఎఫ్. బోగీ పొడవు 21 మీటర్లపైన, స్కేలులో దాదాపు 24 సెంటీమీటర్లు. మామూలు డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాకు 35 మి.మీ. లెన్సు తగిలించి ఆ 34 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తే, అపర్చర్ ఎఫ్ 4 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు ఒకటిన్నర సెంటీమీటరు. ఎఫ్ 8 దగ్గర మూడు. ఎఫ్ 16 దగ్గర ఆరు. అంటే ఎంత బిగించినా బోగీలో పావు వంతే! మరీ ఎఫ్ 22 దాకా పోతే కాంతి వంగడం వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. బోగీని ఏటవాలుగా తీసేటప్పుడు ఈ లెక్క ముఖ్యం. లోతు తగ్గితే మొదటి కిటికీ తప్ప మిగతావన్నీ పొగమంచులో పడతాయి, చూసేవారికి అది బొమ్మ అని తెలిసిపోతుంది.

మరి సెల్‌ఫోనులో బాగా వచ్చింది కదా అంటారేమో. ఫోనులో సెన్సారు చిన్నది, కనుక లోతు సహజంగా ఎక్కువ. ఒకే చట్రంలో తీస్తే, ఫోనులో దాని మామూలు అపర్చర్‌తోనే వచ్చే లోతు డి.ఎస్.ఎల్.ఆర్.లో ఎఫ్ 5.6 దగ్గర వచ్చేదానికి అటూ ఇటూగా ఉంటుంది. అయితే చాలా ఫోనుల్లో అపర్చర్ మార్చడానికి వీలుండదు. బిగించగల పెద్ద కెమెరాదే చివరికి పైచేయి. ఈ రెంటికీ మధ్య, చిన్న సెన్సారు ఉండి అపర్చర్ చేత్తో మార్చుకోగల చిన్న డిజిటల్ కెమెరా మీ బీరువాలో పాతది ఒకటి మూలపడి ఉంటే పారేయకండి. ఈ పనికి అది చాలా బాగా పనికొస్తుంది.

కొత్తది కొనేవారు చూడవలసినవి ఇవి: చేత్తో ఫోకస్ తిప్పగలగాలి, అపర్చర్ మార్చగలగాలి, పది సెకన్ల టైమరు ఉండాలి, లెన్సు కనీసం ఒక అడుగు దగ్గరకు ఫోకస్ కావాలి. ఫోను కొనేవారు "మ్యాక్రో కెమెరా కూడా ఉంది" అనే ప్రకటన చూసి మోసపోవద్దు. చవక ఫోనుల్లో అది తక్కువ చుక్కల చిన్న కెమెరా. దానికంటే అసలు కెమెరాతో కొంచెం దూరం జరిగి రెండింతల జూమ్‌తో తీయడం మేలు.

మెగాపిక్సెళ్ళ సంగతి. ఆరంగుళాలకు నాలుగంగుళాల ప్రింటుకు, అంగుళానికి 300 చుక్కల చొప్పున, 1800 ఇంటూ 1200. అంటే 21 లక్షల 60 వేల చుక్కలు. ఏ-4 నిండా వేసినా 87 లక్షలు. మామూలు 12 మెగాపిక్సెల్ ఫోనులో ఉన్నవి కోటీ ఇరవై లక్షలు. మన శివకాశిలో క్యాలెండరు అచ్చువేయించే ఉద్దేశం లేనప్పుడు యాభై, నూరు మెగాపిక్సెళ్ళు ఎందుకు చెప్పండి? పిండి కొద్దీ రొట్టె.

ట్రైపాడ్ మాత్రం కొనండి. పొడుగుది కాదు, బల్లమీద పెట్టుకునే జానెడు ఎత్తుది. వెలుతురు తక్కువైనా, అపర్చర్ బిగించినా షట్టర్ ఒకటి రెండు సెకన్లు తెరుచుకుని ఉంటుంది. చేతిలో పట్టుకుంటే అదురుతుంది. రైలు కూడా ఆగి ఉండాలి. స్కేలులో గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే పలకమీద సెకనుకు 16 సెంటీమీటర్లు. సెకనులో 50వ వంతులోనే మూడు మిల్లీమీటర్లు జరిగిపోతుంది.

ఒక చిన్న హెచ్చరిక. బజారులో దొరికే హెచ్.ఓ. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. అది విదేశాల్లోని 1435 మిల్లీమీటర్ల గేజికి సరిపోయింది. మన హైదరాబాదు, చెన్నై మెట్రోలవీ ఆ గేజే. మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజికి 19 మిల్లీమీటర్ల పైచిలుకు కావాలి, మీటర్ గేజికి పదకొండున్నర. అందువల్ల మన రైలు బొమ్మను సరిగ్గా ఎదురుగా తీస్తే పట్టాలు ఎబ్బెట్టుగా ఉంటాయి. కొంచెం పక్కకు జరిగి తీయండి.

సాఫ్ట్‌వేర్

లోతు చిక్కుకు అసలు మందు ఇక్కడ ఉంది. దానిని ఫోకస్ స్టాకింగ్ అంటారు. కెమెరాను ట్రైపాడ్ మీద కదలకుండా పెట్టి, వెలుతురూ అపర్చరూ మార్చకుండా, మొదటి ఫొటో ఇంజిను ముక్కు మీద ఫోకస్ చేసి తీయాలి. తరువాత ఫోకస్‌ను కొంచెం వెనక్కు జరిపి ఇంకొకటి. అలా చివరి బోగీ దాకా పది పన్నెండు. సాఫ్ట్‌వేర్ ప్రతి ఫొటోలోనూ స్పష్టంగా ఉన్న ముక్కను మాత్రమే ఏరి ఒకటిగా కుడుతుంది. ఎఫ్ 8 దగ్గర మూడేసి సెంటీమీటర్లు వస్తాయన్నాను కదా, పది ఫొటోలు తీసి అంచులు ఒకదానిమీద ఒకటి పడేట్టు కలిపితే బోగీ మొత్తం స్పష్టమవుతుంది. ఫోనువారు ప్రో మోడ్‌లో ఫోకస్‌ను చేత్తో జరుపుతూ ఇదే పని చేయవచ్చు.

ఇందుకు ఏది వేసుకోవాలి? 1990లో వచ్చిన ఫొటోషాప్‌లో ఈ సదుపాయం 2008 నాటి సి.ఎస్.4 నుంచి ఉంది. కాని 2013 నుంచి దాని కొత్త వెర్షన్లు చందా పద్ధతిలోకి మారాయి. బ్యాంకువాడిగా చెబుతున్నాను, అది ఎన్నటికీ తీరని నెలవాయిదా. ఏడాదికి ఒక్క నవరాత్రికి ఫొటోలు తీసేవారికి అనవసరం. ఈ పనికే ప్రత్యేకించిన హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ అనేవి ఉన్నాయి. తరచుగా చేసేవారు వాటి గురించి ఆలోచించవచ్చు. డబ్బు పెట్టనక్కరలేదనుకునేవారికి హగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దానిలోనే ఫొటోలను వరుసకు తెచ్చేదీ, ఎన్‌ఫ్యూజ్ పేరుతో కలిపేదీ ఉన్నాయి. నేర్చుకోవడానికి ఒక ఆదివారం పడుతుంది.

కలిపిన తరువాత చిన్న మెరుగులకు 1996 నుంచి ఉచితంగా దొరుకుతున్న గింప్ చాలు. చేయవలసినవి నాలుగే: వంకరగా ఉంటే నిలువు సరిచేయడం, అనవసరపు అంచులు కత్తిరించడం, తెలుపును తెలుపుగా దిద్దడం, బోగీల మీద దుమ్ము చెరపడం. ఈ చివరిదానికి తీసేముందు మెత్తటి కుంచెతో తుడిస్తే సగం పని తప్పుతుంది. కంటికి కనబడని దుమ్ముకణం ఫొటోలో రాయంత ఉంటుంది.

ఇప్పుడు కృత్రిమ మేధ పేరుతో పొగ, మబ్బులు, జనం అన్నీ దానంతటదే గీసిపెట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. కొలువు సరదాకు వాడుకోండి, తప్పులేదు. కాని ఇంటి పెద్దలు చేసిన వస్తువుకు సాక్ష్యంగా దాచుకునే ఫొటోలో అవి కలపకండి. మామయ్య నీళ్ళ ట్యాంకు ఒక పక్కకు ఒరిగి ఉండేది. అది సరిచేస్తే ఇంకెవరి ట్యాంకో అవుతుంది.

ఎంత దేనికి?

మొత్తం వంద రూపాయలు అనుకుంటే నా పంపకం ఇది. ఇంట్లో మంచి ఫోను ఉన్నవారు ట్రైపాడ్‌కు యాభై, ఒక దీపానికీ తెల్ల అట్టకూ ముప్పై, మిగతా ఇరవై ప్రింట్లకు. సాఫ్ట్‌వేర్‌కు సున్న. కెమెరా కొనాలనే పట్టుదల ఉన్నవారు అరవై కెమెరాకు, ఇరవై ట్రైపాడ్‌కు, పది దీపానికి, పది ప్రింట్లకు. రైలే కొనకుండా ముందు లెన్సు కొనేవారిని చూస్తే "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న సామెత గుర్తొస్తుంది.

ప్రింట్లకు డబ్బు కేటాయించమనడానికి కారణం ఉంది. ఎంతోమంది ఫొటోలు దిద్దుకుని దాచుకున్న పికాసాను 2016లో ఆపేశారు. ఫోనులు పోతాయి, డిస్కులు చెడతాయి. అసలు ఫైలును మార్చకుండా ఒక చోట, దిద్దినది ఇంకొక చోట, రెండింటి నకళ్ళూ వేరే ఊళ్ళో ఉన్న బంధువుల దగ్గర పెట్టండి. మంచివి పది కాగితం మీద వేయించి, వెనక పెన్సిలుతో ఎవరు చేశారు, ఎప్పుడు, ఏ స్కేలు, దేనితో చేశారు అని రాయండి. ఆ నాలుగు మాటలు లేకపోతే మనవలకు అది ఏదో రైలు ఫొటో మాత్రమే.

మన పక్కనే, కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు మనలాగే ఇంట తెలుగు మాట్లాడే కుటుంబంవారు. 2021లో కాలం చేశారు. తమిళంలో కథలూ నవలలూ ఎన్నో రాసినా, ఆయన ఓపికగా చేసిన ఇంకొక పని కరిసల్ సీమ మాటలను ఏరి నిఘంటువుగా కూర్చడం. పెద్దలతోపాటు మాటలూ పోతాయని ఆయనకు తెలుసు. మాటలకు ఆయన చేసినది మన ఇళ్ళలోని చేతిపనులకు మనం చేసుకోగలం. ఇందుకు పండితులు కానక్కరలేదు, ఫోను తలకిందులు చేస్తే చాలు.

రైలు అభిమానులు చెన్నైలో 2002లో తెరిచిన రైలు మ్యూజియాన్నీ, పూణేలో 1998 నాటి జోషీగారి చిన్న రైళ్ళ మ్యూజియాన్నీ వీలున్నప్పుడు పిల్లలతో చూసిరండి. ఎంత దగ్గరగా వంగితే రైలు ఎంత పెద్దదవుతుందో అక్కడ పిల్లలకే తెలుస్తుంది.

మీ ఇంట్లో పెద్దలు చేసిన రైలు గాని, బండి గాని, కొలువు ఊరు గాని ఉంటే ఈ పద్ధతిలో ఒక ఫొటో తీసి, వెనక ఆ నాలుగు వివరాలు రాసి మన సంఘ కార్యాలయానికి పంపండి. సంపాదకులు ఒప్పుకుంటే సంక్రాంతి సంచికలో ఒక పేజీ నిండా వేయిద్దాం.